మీరు నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించడం ఎలా?

మీరు ఒక చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టు చూసుకుంటున్నారు. దాని మీద పైసా రాదు. కాలేజీ రోజుల్లో సరదాగా మొదలైంది, ఇప్పుడు నెల్లూరు నుంచి కనిగిరి దాకా ఎవరెవరో వాడుతున్నారు, ఏది ఆగినా మీకే ఫోన్ చేస్తున్నారు. మీకేమో ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంట్లో పెద్దవాళ్ల ఆస్పత్రి పనులు. ఎవరికైనా ఇచ్చేస్తే బాగుండు అనిపిస్తోంది. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఉదాహరణ ఒకటి చేతిలో ఉంటే చెప్పడం తేలిక కాబట్టి ఒంగోలులో నేను చూసుకున్న ప్రాజెక్టునే పెట్టుకుంటాను. అను అనే పాత తరహా ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లను, ఏ ఫోన్‌లోనైనా కనిపించే యూనికోడ్ తెలుగులోకి మార్చే సాధనం అది. డీటీపీ షాపులవాళ్లు, చిన్న పత్రికలవాళ్లు, తాతగారు అచ్చు వేయించిన పుస్తకాన్ని ఫోన్‌లో చదువుకోవాలనుకునేవాళ్లు వాడతారు. మీది రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే యాప్ కావచ్చు, తెలుగు కీబోర్డు కావచ్చు, స్కూలు టైమ్‌టేబుల్ వేసే ప్రోగ్రామ్ కావచ్చు. పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

అప్పగింత అనగానే అందరికీ పాస్‌వర్డులు గుర్తొస్తాయి. అవి ఒక పూటలో అయిపోతాయి. "ఇది చేరుద్దాం, అది వద్దు" అని చెప్పే అధికారం చేతులు మారడానికే నెలలు పడుతుంది. కాబట్టి ముందు పని ఇవ్వండి, తర్వాత నిర్ణయం ఇవ్వండి, తాళాలు అన్నిటికన్నా చివర ఇవ్వండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి తర్వాత తల పట్టుకుంటారు.

విసుగు పుట్టకముందే మొదలుపెట్టండి

"ఇక నా వల్ల కాదు" అనే దాకా ఆగితే, అడిగిన మొదటి మనిషికి ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. ఇంకా ఓపిక ఉండగానే మొదలుపెట్టండి. చేతిలో ఒక ఆరు నెలలు ఉంచుకోండి.

లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాధనం రాయడం మొదలుపెట్టి, అదే ఏడాది జూలైలో దాన్ని జూనియో హమానో చేతిలో పెట్టేశారు. ఇరవై ఏళ్లు దాటినా హమానోనే దాన్ని నడుపుతున్నారు. వ్యవధి తక్కువే, కానీ ఆ మూడు నెలలూ ఆయన పంపిన మార్పులను లినస్ దగ్గరుండి చూశారు. ఎంచుకునేటప్పటికి ప్రాజెక్టు మీద ఆసక్తి చచ్చిపోలేదు, తొందరా లేదు.

ఏ నెలలో చేయాలన్నది కూడా ఆలోచించండి. మీ వాడుకరులకు ఎప్పుడు ఊపిరి సలపదో మీకు తెలుసు. నా ప్రాజెక్టుకైతే మాఘం, శ్రావణం రెండూ గండాలు. పెళ్లి పత్రికల ఒత్తిడిలో ఉన్న డీటీపీ ఆపరేటర్‌కు డౌన్‌లోడ్ లింకు మారిందని చెబితే తిట్టకుండా ఉంటాడా? ముహూర్తాలు లేని ఆషాఢంలో షాపులు కాస్త ఖాళీగా ఉంటాయి. లింకులు, ఖాతాలు మారే పని అప్పుడు పెట్టుకోండి. స్కూలు ప్రోగ్రామైతే వేసవి సెలవులు, చెరువుల యాప్ అయితే పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టే రోజులు.

ఏమేం ఉన్నాయో లెక్క రాయండి

ఎక్సెల్ షీటైనా సరే, నోటు పుస్తకమైనా సరే. ప్రతి వరసలో నాలుగు గళ్లు: వస్తువు ఏమిటి, ఎవరి పేరు మీద ఉంది, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుంది, గడువు ఎప్పుడు తీరుతుంది.

కోడ్ ఉన్న గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులు ఉంచే సైటు) ఖాతా, డొమైన్ పేరు, వెబ్‌సైట్ ఉన్న సర్వర్, పైపీఐ లేదా ఎన్‌పీఎం (ఇతరులు మీ కోడ్ దించుకునే చోట్లు) ప్యాకేజీ, ప్లే స్టోర్ ఖాతా, యాప్ మీదేనని సంతకం చేసే సైనింగ్ కీ, ప్రాజెక్టు పేరుతో తెరిచిన జీమెయిల్ అందరూ రాస్తారు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్, ఎలా వాడాలో చూపించిన యూట్యూబ్ ఛానల్, విరాళాల కోసం పెట్టిన యూపీఐ క్యూఆర్, లోగో అసలు ఫైలు మాత్రం మర్చిపోతారు. క్యూఆర్‌ను బొత్తిగా మర్చిపోతారు. ఎక్కడో పాత పేజీలో అతుక్కుని ఉంటుంది.

మూడో గడి నింపేటప్పుడే గుట్టు బయటపడుతుంది. జీమెయిల్ రికవరీ నంబరు మీ బ్యాచ్‌మేట్‌ది అయి ఉంటుంది. అతను ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. ఆ సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఆగిపోయిన నంబరును కొన్నాళ్లకు కంపెనీ ఇంకొకరికి ఇస్తుంది, అప్పుడు మీ ప్రాజెక్టు ఓటీపీ ఎవరికో వెళ్తుంది. మిగతా ఏ పనీ మొదలుపెట్టకముందే ఈ నంబర్లు సరిచేయండి. ఫోన్ ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ పెట్టుకుని, రికవరీ కోడ్లను ప్రింట్ తీసి ఇద్దరి దగ్గర ఉంచితే ఇంకా నయం.

నాలుగో గడిలో ముఖ్యమైంది డొమైన్. కార్డు మీద ఆటో రెన్యువల్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇలాంటి ఆటో చెల్లింపులకు మీరు ముందుగా బ్యాంకు దగ్గర అనుమతి నమోదు చేసి ఉండాలి. అది లేక చెల్లింపు ఆగిపోతే మెయిల్ ఒకటి వస్తుంది, మీరు చూడరు. డొమైన్‌ను ఒకేసారి పదేళ్ల దాకా కట్టుకోవచ్చు. కనీసం మూడేళ్లకు కట్టేయండి, కొత్తవాళ్లకు మొదటి ఏడాదే ఆ టెన్షన్ ఉండదు.

సొంత ఖాతాలోంచి బయట పెట్టండి

కోడ్ మీ సొంత గిట్‌హబ్ ఖాతాలో ఉంటే, ప్రాజెక్టు పేరుతో ఒక ఆర్గనైజేషన్ (పలువురు కలిసి నడిపే ఖాతా) తెరిచి అందులోకి మార్చండి. డబ్బు కట్టక్కర్లేదు. ఇష్యూలు (వాడుకరులు రాసిన సమస్యలు), పుల్ రిక్వెస్టులు (ఇతరులు పంపిన మార్పులు), స్టార్లు అన్నీ వెంట వస్తాయి. పాత లింకు నొక్కినవాళ్లు కొత్త చోటికి వెళ్తారు. ఒక్క షరతు: పాత ఖాతాలో అదే పేరుతో మళ్లీ రిపాజిటరీ (కోడ్ ఉండే చోటు) తెరవకూడదు. తెరిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

దీనిలో ఒక చిక్కు ఉంది. మీ సాధనం గిట్‌హబ్ పేజెస్ (గిట్‌హబ్ ఇచ్చే వెబ్ పేజీల సేవ) మీద, మీ పేరుతో ఉన్న చిరునామాలో నడుస్తుంటే ఆ పేజీకి దారి మళ్లింపు ఉండదు. నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక షాపులో డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకున్న ఆపరేటర్‌కు మర్నాడు 404 కనిపిస్తుంది. అతనికి ఆర్గనైజేషన్ అంటే ఏమిటో అక్కర్లేదు, పత్రిక ప్రూఫ్ సాయంత్రానికి కావాలి. కాబట్టి మీ పేరుతో ఉన్న ముఖ్య సైటు రిపాజిటరీలో, పాత ప్రాజెక్టు పేరుతోనే ఒక ఫోల్డర్ పెట్టి, అందులో కొత్త చిరునామాకు పంపే పేజీ ఒకటి ఉంచండి. పాత షార్ట్‌కట్ నొక్కినా పని జరుగుతుంది.

ఆర్గనైజేషన్‌కు ఓనర్లు ఇద్దరికి తగ్గకూడదు. ముగ్గురైతే మంచిది. అయిదుగురు ఎక్కువ.

తలలో ఉన్నది రాసి పెట్టండి

అన్నిటిలోకీ ఎక్కువ సమయం తినేది ఇదే, వాయిదా పడేదీ ఇదే. కోడ్ ఏం చేస్తుందో కొత్తవాళ్లు చదివి తెలుసుకుంటారు. ఎందుకలా చేస్తుందో మీరే చెప్పాలి.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. ఫాంటు ఆకారాల మీద నడిచే పాత ఫైళ్లలో "స్త్రీ" అన్న అక్షరం కంటికి కనిపించే ముక్కలుగా ఉంటుంది: గుడిదీర్ఘంతో కలిసి ఉన్న "సీ", దానికి త ఒత్తు, ర ఒత్తు. యూనికోడ్‌లో వరస వేరు. స, పొల్లు, త, పొల్లు, ర, అన్నిటికన్నా చివర గుడిదీర్ఘం. కాబట్టి గుడిదీర్ఘాన్ని "సీ" లోంచి విడదీసి ఒత్తులన్నీ దాటించి చివరికి తీసుకెళ్లాలి. ఈ పని చేసే చోట కోడ్ చూడటానికి మెలికలు తిరిగి ఉంటుంది. ఇంజినీరింగ్ కుర్రాడు ఎవరైనా చూడగానే "దీన్ని శుభ్రం చేస్తాను అన్నా" అంటాడు. శుభ్రం చేస్తాడు కూడా. "స్త్రీ" బాగానే వస్తుంది, "రాష్ట్రీయ" విరిగిపోతుంది.

ఇంకొకటి కంటికి కనపడదు. "ఫేస్‌బుక్‌లో" అని సరిగ్గా రావాలంటే "స్" తర్వాత, "క్" తర్వాత వెడల్పు లేని ఒక గుర్తు ఉండాలి, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే బ, ల రెండూ ఒత్తులైపోయి "ఫేస్బుక్లో" అవుతుంది. కనపడని గుర్తులు చెత్త అనుకుని తీసేసే ఎడిటర్లు, తీసేసే మనుషులూ చాలామంది ఉన్నారు.

ఇలాంటివన్నీ "ఎందుకిలా ఉంది" అనే పేరుతో ఒకే ఫైలులో పెట్టండి. ఒక్కో దానికి నాలుగు వాక్యాలు చాలు. ఏ సమస్య వచ్చింది, ఎలా సరిచేశాం, ఏం ప్రయత్నించి వదిలేశాం. వదిలేసినవి తప్పకుండా రాయండి. లేకపోతే అదే గోతిలో ఇంకొకరు పడతారు. వీలైతే ప్రతిదానికీ ఒక పరీక్ష ఫైలు జత చేయండి: కరపత్రం ఒకటి, పంచాంగం పేజీ ఒకటి, పెళ్లి పత్రిక ఒకటి. పెళ్లి పత్రికలో పేర్లు, ఫోన్ నంబర్లు మార్చి పెట్టండి, అది వాళ్ల ఇంటి వ్యవహారం.

రాసింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. ప్రాజెక్టు లేని లాప్‌టాప్ ఒకటి తెప్పించండి. వారసుడిగా అనుకుంటున్న మనిషిని కూర్చోబెట్టి, మీరు రాసింది మాత్రమే చూసి ఒక విడుదల తయారు చేయమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు తెరవకండి. అతను ఆగి మీ వైపు చూసిన ప్రతిచోటా మీ రాతలో ఒక ఖాళీ ఉన్నట్టు. అక్కడ గుర్తు పెట్టుకుని రాత్రికి పూరించండి.

ఎవరికి ఇవ్వాలి?

తెలివైనవాడి కోసం వెతకకండి, తెలివైనవాళ్లకు కొదవ లేదు. మీ ఇష్యూల పేజీ తెరిచి, గత రెండేళ్లలో ఎవరు ఎవరికి ఓపికగా జవాబిచ్చారో చూడండి. "ఏ వెర్షన్ వాడుతున్నారు, ఆ ఫైలు ఒకసారి పంపుతారా" అని తనకు సంబంధం లేని మనిషిని అడిగినవాళ్లు ఎవరు? అడిగాక మళ్లీ వచ్చి చూసినవాళ్లు ఎవరు? వందల వరసల కోడ్ ఒకేసారి పంపి మాయమైనవాళ్లను పక్కన పెట్టండి.

మన జిల్లాల్లో సహజంగా కళ్లు పడేది ఇంజినీరింగ్ కాలేజీల మీద. మూడో సంవత్సరం కుర్రాళ్లు ఉత్సాహంగా వస్తారు, నిజంగానే మంచి పని చేస్తారు. ప్లేస్‌మెంట్ రాగానే బెంగళూరో హైదరాబాదో వెళ్తారు, మొదటి ఏడాది ఊపిరి తీసుకోవడానికే టైమ్ ఉండదు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్లను తీసుకోండి, కానీ ఒంటరిగా కాదు. ఎక్కడికీ వెళ్లని మనిషిని ఒకరిని జతగా పెట్టండి. ఉద్యోగంలో చేరేవాళ్లకు ఇంకో మాట కూడా చెప్పండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే అవుతుంది. కొన్ని కంపెనీల కాగితాల్లో ఖాళీ సమయంలో రాసిన కోడ్ గురించి కూడా షరతులుంటాయి. సంతకం పెట్టేముందు చదువుకోమనండి.

ఆ ఎక్కడికీ వెళ్లని మనిషికి కోడ్ రాకపోయినా ఫర్వాలేదు. నెల్లూరులో ఏళ్ల తరబడి డీటీపీ చేస్తున్న ఒకావిడ మా సాధనంలో తప్పులు అందరికన్నా బాగా పట్టేది. జట్టులో ఉండమంటే "సార్, నాకు కోడింగ్ రాదు కదా" అంది. "కోడ్ అబ్బాయిలు చూసుకుంటారమ్మా. అక్షరం తప్పో ఒప్పో నువ్వు చెప్పు. నువ్వు సరే అంటేనే విడుదల" అన్నాను. నా అభిప్రాయంలో ఇలాంటి మనిషి దొరకడం మంచి ప్రోగ్రామర్ దొరకడం కంటే అదృష్టం.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం లైబ్రరీని దాని రచయిత డొమినిక్ టార్ తాను వాడటం మానేశాక, చూసుకుంటానని అడిగిన ఒక అపరిచితుడికి ఇచ్చేశారు. ఆ వ్యక్తి దానికి ఒక కొత్త డిపెండెన్సీ (అది ఆధారపడే ఇంకో లైబ్రరీ) తగిలించి, అందులోంచి కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ను దోచే కోడ్ దూర్చాడు. కోట్లలో డౌన్‌లోడ్ అయ్యే లైబ్రరీ అది.

ఎక్స్‌జెడ్ కథ ఇంకా నెమ్మదిగా నడిచింది. లినక్స్ ఉన్న ప్రతిచోటా దాదాపుగా ఉండే కుదింపు సాధనం అది. లాసె కొలిన్ ఏళ్ల తరబడి దాన్ని ఒంటి చేత్తో, ఖాళీ సమయంలో నడిపారు. 2021 నుంచి "జియా టాన్" పేరుతో ఒకరు మార్పులు పంపసాగారు, మంచి మార్పులే. 2022లో ముక్కూ మొహం తెలియని కొన్ని పేర్లు వచ్చి "పని సాగట్లేదు, ఇంకొకరికి ఇవ్వండి" అని కొలిన్‌ను సతాయించాయి. ఆయన ఆరోగ్యం కూడా అప్పుడు అంతంతమాత్రం. మెల్లగా విడుదల చేసే అధికారం జియా టాన్ చేతికి వచ్చింది. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో సర్వర్లలోకి చొరబడే దొంగదారి ఉంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వి చూడబట్టి 2024 మార్చి 29న లోకానికి తెలిసింది.

"మనది చిన్న ప్రాజెక్టు, మనల్నెవరు దోచుకుంటారు" అనకండి. మీ సాధనం షాపులో కంప్యూటర్‌లో నడుస్తుంది, ఆ కంప్యూటర్‌లోనే నెట్ బ్యాంకింగ్ ఉంటుంది. ఈ రెండు కథల నుంచి మీరు అమల్లో పెట్టాల్సినవి మూడు. తొందరపెట్టేవాళ్లకు ఇవ్వకండి, వాళ్ల తరఫున ఇంకెవరో తొందరపెడితే అసలు ఇవ్వకండి. విడుదల ఫైలు ఎవరి సొంత లాప్‌టాప్‌లోనూ తయారు కాకూడదు, అందరికీ కనిపించే కోడ్ నుంచే ఆటోమేటిక్‌గా తయారవ్వాలి. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని తెరిచే ముక్క గిట్‌లో లేదు, విడుదల ఫైలులో మాత్రమే ఉంది. మూడోది, ఏ మార్పైనా రెండో మనిషి చూసి ఒప్పుకుంటే తప్ప ముఖ్య శాఖలోకి వెళ్లకుండా గిట్‌హబ్‌లో బ్రాంచ్ ప్రొటెక్షన్ పెట్టండి. మీకూ అదే రూలు వర్తించేలా పెట్టండి.

మనకు ఇంకో సౌలభ్యం ఉంది, దాన్ని వాడుకోండి. మనిషిని వెళ్లి చూడవచ్చు. నెల్లూరు నుంచి ఒంగోలుకు రైల్లో రెండు గంటల లోపే. ఒక ఆదివారం భోజనానికి పిలవండి. ఇంటర్వ్యూ చేసినట్టు కాదు, కలిసి ఒక బగ్ సరిచేయండి. తెలియనిదాన్ని తెలియదు అంటాడా, ఎదుటివాళ్ల ఫైలు గురించి వెటకారంగా మాట్లాడతాడా అన్నది సాయంత్రానికి తెలిసిపోతుంది.

నిర్ణయాలు చేతులు మార్చండి

మొదటి రెండు నెలలు ఇష్యూలన్నిటికీ వాళ్లే మొదట జవాబివ్వాలి. మీరు చూస్తుంటారు. మూడో నెల నుంచి పుల్ రిక్వెస్టులు వాళ్లే చూసి ఒప్పుకోవాలి, వద్దనాలి.

ఈ వద్దనడం దగ్గరే అందరూ తడబడతారు. పాత పరిచయస్తుడు ఒకరు తన షాపుకు మాత్రమే పనికొచ్చే మార్పు పంపుతాడు. కొత్త కుర్రాడు మీకు ఫోన్ చేస్తాడు: "అన్నా, నువ్వుండగా నేను వద్దంటే ఏం బాగుంటుంది?" అప్పుడు మీరు జవాబు చెప్పేశారో, ఆ అధికారం మళ్లీ మీ దగ్గరికే వచ్చేసినట్టు. "నీకేమనిపిస్తోంది? అదే రాయి. ఆయన నాకు ఫోన్ చేస్తే నీ పేరే చెబుతాను" అనండి. ఆయన ఫోన్ చేస్తాడు. మీరు నిజంగానే అలాగే చెప్పండి.

వాళ్లు మీరు తీసుకోని నిర్ణయం తీసుకుంటారు. పాత విండోస్‌కు మద్దతు ఆపేస్తారు, మీకు ప్రాణమైన మెనూ తీసేస్తారు. డేటా పోయే ప్రమాదమో, భద్రత సమస్యో ఉంటే చెప్పండి. ఇష్టాయిష్టాల సంగతైతే మింగేయండి.

ఒక్కరి చేతిలో పెట్టాలని లేకపోతే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నడిపేవాళ్ల దారి ఉంది. 2018 జూలైలో దాని సృష్టికర్త గీడో వాన్ రోసమ్ తప్పుకున్నప్పుడు వారసుణ్ని ప్రకటించలేదు. ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండి అన్నారు. వాళ్లు చర్చించుకుని, 2019 మొదట్లో ఓట్లు వేసి అయిదుగురి మండలిని ఎన్నుకున్నారు. ముగ్గురే ఉన్న ప్రాజెక్టుకు ఎన్నికలు అక్కర్లేదు. అభిప్రాయం కుదరనప్పుడు ఎవరి మాట నెగ్గుతుందో ఒక్క వాక్యం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) రాసుకుంటే చాలు.

తాళాలు ఇచ్చే రోజు

ఇద్దరూ ఒకే గదిలో ఉండేలా ఒక పూట పెట్టుకోండి. ముందు రాసుకున్న షీటు తెరిచి ఒక్కో వరసా కొట్టేస్తూ పోండి.

పైపీఐలో ఓనర్, మెయింటైనర్ అని రెండు పాత్రలుంటాయి. మెయింటైనర్ కొత్త వెర్షన్ ఎక్కించగలరు కానీ మనుషులను చేర్చలేరు, తీసేయలేరు. ఇప్పటిదాకా మెయింటైనర్‌గా ఉన్నవాళ్లను ఇప్పుడు ఓనర్ చేయండి. గిట్‌హబ్‌లో దాచిన సీక్రెట్ల (పాస్‌వర్డు లాంటి టోకెన్ల) విలువలు ఒకసారి దాచాక ఎవరూ చదవలేరు, కాబట్టి పాతవి వెతక్కండి. ప్రతి టోకెన్ కొత్తవాళ్ల ఖాతా నుంచి కొత్తగా తీయించి, పాతది రద్దు చేయండి. డొమైన్‌ను రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) దగ్గర వాళ్ల ఖాతాకు మార్చండి. ప్లే స్టోర్‌లో యాప్‌ను ఒక డెవలపర్ ఖాతా నుంచి ఇంకో దానికి బదిలీ చేసే ఏర్పాటు ఉంది, రేటింగులు, వాడుకరులు అలాగే ఉంటారు. తీసుకునేవాళ్లకు సొంత డెవలపర్ ఖాతా ఉండాలి, దానికి ఒకసారి కట్టే 25 డాలర్ల రుసుము ముందే కట్టించండి.

సైనింగ్ కీ సంగతి వేరు. గూగుల్ దగ్గర కాకుండా మీ దగ్గరే కీ ఉంటే, అది పోయిన రోజు యాప్‌కు అప్‌డేట్ ఇవ్వడం కుదరదు. ఆండ్రాయిడ్ అదే కీతో సంతకం అయిన అప్‌డేట్‌నే ఒప్పుకుంటుంది. ఆ ఫైలును వాట్సాప్‌లో పంపకండి. రెండు పెన్ డ్రైవుల్లో పెట్టి చేతికివ్వండి, పాస్‌వర్డ్ వేరే కాగితం మీద. వాళ్లు దానితో ఒక చిన్న అప్‌డేట్ నిజంగా ఎక్కించి, ఒక ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యేదాకా గది వదలకండి.

అన్నీ అయ్యాక మీ అధికారాలు మీరే తీసేసుకోండి. "ఎందుకైనా మంచిది, అన్నకు ఉండనిద్దాం" అంటారు. వద్దనండి. మీరు వాడని ఖాతా ఎవరికైనా దొరికితే ప్రాజెక్టు మొత్తం దొరికినట్టే, పైగా మీరు చూడట్లేదు కాబట్టి మీకు తెలియనైనా తెలియదు.

హక్కులు, పేరు, డబ్బు

నిర్వహణ ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ మారదు. మీరు రాసింది మీదే, ఇంకొకరు రాసింది వాళ్లదే, లైసెన్సు అలాగే ఉంటుంది. ఎవరి భాగం మీదనైనా హక్కు మన చట్టంలో రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. అందుకే కొత్తవాళ్లు లైసెన్సు మార్చాలనుకుంటే రాసిన ప్రతివాళ్లనూ అడగాలి. ఫాంటు ప్రాజెక్టు అయితే ఓపెన్ ఫాంట్ లైసెన్సులో రిజర్వ్ చేసిన పేరు ఉందేమో చూడండి. ఉంటే, మార్చిన ఫాంటుకు ఆ పేరు వాడుకోవడానికి మీ అనుమతి రాతపూర్వకంగా కావాలి. మీరు వెళ్లేముందే రాసివ్వండి.

విరాళాలు మీ సొంత ఖాతాలో పడుతుంటే లెక్క ముగించి, వచ్చిందెంత, ఖర్చెంత అని ఒక పేజీ అందరికీ కనిపించేలా పెట్టండి. మిగిలింది డొమైన్‌కు కట్టేస్తే గొడవ లేదు. క్యూఆర్ తీసేయండి.

అందరికీ చెప్పండి

పొడుగు ఉత్తరాలు అక్కర్లేదు. కృతజ్ఞతల చిట్టా వేరే పేజీలో పెట్టుకోండి. వాడుకరికి కావాల్సింది ఇంతే:

"వచ్చే నెల 1 నుంచి ఈ సాధనాన్ని ఫలానా ఇద్దరు చూసుకుంటారు. మీరు వాడే విధానంలో మార్పేమీ లేదు. డౌన్‌లోడ్ ఈ చిరునామా నుంచి మాత్రమే చేసుకోండి. సమస్య ఉంటే నాకు కాకుండా ఈ నంబరుకు వాట్సాప్ చేయండి, తేడా వచ్చిన ఫైలు కూడా పంపండి."

రీడ్‌మీలో, వెబ్‌సైట్ పైభాగంలో, వాట్సాప్ గ్రూపులో ఒకే మాట ఉండాలి. ఫోన్ తప్ప ఇంకేదీ చూడని పాత వాడుకరులు కొందరు ఉంటారు కదా, వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. వీలైతే కొత్తవాళ్లను కాన్ఫరెన్స్‌లో కలపండి.

వెళ్లిపోయాక

కౌలుకిచ్చిన చెరువు గట్టు మీద రోజూ వచ్చి నిలబడి "ఏరేటర్ ఇంకా వేయలేదా" అని అడిగే ఆసామిలా ఉండకండి. మూడు నెలలు ఇష్యూల పేజీ నోటిఫికేషన్లు ఆపేసుకోండి. వాళ్లు అడిగితే అడిగినదానికే చెప్పండి. గ్రూపులో మీ మీద పొగడ్తలు, వాళ్ల మీద సణుగుడు మొదలైతే, "మొదటి రెండేళ్లు నన్నూ ఇలాగే తిట్టారు" అని ఒక్క మాట అని ఊరుకోండి.

మీకేమైనా అయితే, ఎవరూ రాకపోతే

ఇదంతా తీరిగ్గా చేసే వీలు అందరికీ ఉండదు. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను మూడు దశాబ్దాలు నడిపిన బ్రామ్ మూలెనార్ 2023 ఆగస్టులో చనిపోయారు. అప్పటికే కలిసి పనిచేస్తున్నవాళ్లు ఉండబట్టి, క్రిస్టియన్ బ్రాబాంట్ తదితరులు అందుకుని 2024 జనవరిలో 9.1 వెర్షన్‌ను ఆయనకు అంకితంగా విడుదల చేయగలిగారు. మీ గిట్‌హబ్ ఖాతా సెట్టింగుల్లో సక్సెసర్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒకరి పేరు పెట్టండి. మీ తర్వాత వాళ్లు మరణ ధ్రువపత్రం చూపిస్తే 7 రోజులకు, సంతాప ప్రకటన చూపిస్తే 21 రోజులకు మీ పబ్లిక్ రిపాజిటరీల మీద అధికారం వస్తుంది. అయిదు నిమిషాల పని, ఈరోజే చేసేయండి.

ఆరు నెలలు వెతికినా సరైన మనిషి దొరక్కపోతే ఎవరో ఒకరికి అంటగట్టకండి. మూసేయడం కూడా మర్యాదైన దారే. చివరి పనిచేసే వెర్షన్ ఒకటి విడుదల చేయండి. ఇంటర్నెట్ లేకుండా నడిచేలా ఉంటే షాపులవాళ్లు ఇంకా ఏళ్ల పాటు వాడుకుంటారు. తెరిచి ఉన్న ఇష్యూలన్నిటికీ ఒక వాక్యం జవాబు రాసి మూయండి, ఎందుకంటే గిట్‌హబ్‌లో ఆర్కైవ్ చేశాక (చదవడానికి మాత్రమే ఉండేలా మూశాక) అక్కడ ఎవరూ ఏమీ రాయలేరు. ఎందుకు ఆపుతున్నారో, బదులుగా ఏం వాడుకోవచ్చో రీడ్‌మీ మొదటి వరసలో పెట్టి ఆర్కైవ్ చేయండి. రేపు ఎవరైనా ఫోర్క్ చేసి (నకలు తీసుకుని) నడుపుతామంటే లైసెన్సు ఉంది, మిమ్మల్ని అడగక్కర్లేదు. డొమైన్‌ను మాత్రం వెంటనే వదిలేయకండి. మీరు వదిలేసిన కొన్నాళ్లకే ఎవరో కొని, అదే పేరు మీద బెట్టింగ్ ప్రకటనలైనా, వైరస్ ఉన్న డౌన్‌లోడైనా పెడతారు. ఇంకో రెండు మూడేళ్లు మీ డబ్బుతోనే కట్టి, "ఇక్కడ ఇప్పుడేమీ లేదు, పాత ఫైళ్లు ఫలానా చోట ఉన్నాయి" అనే ఒక్క పేజీ ఉంచండి.